మాట వేరు... మాటలు వేరు!

ధర్మపురి గోదారి ఒడ్డున ఒక చిన్న ముచ్చట చూసినం. స్నానాల రేవు మెట్ల మీద ఒక అవ్వ, ఆమె వెంట ఏడెనిమిదేండ్ల మనుమడు. తానం అయిపోయింది, గుడికి పోదాం నడువుమని అవ్వ చెయ్యి పట్టి గుంజుతున్నది. పోరడు కుంటుకుంట, ముక్కుకుంట, "నడవొస్తలేదే అవ్వా" అని ఏడుపు మొదలుపెట్టిండు. అవ్వకు కోపమొచ్చింది. "నీళ్లల్లకెల్లి ఎల్లబుద్ధి గాక కతలు పడుతున్నవురా? నడువు!" అన్నది. చుట్టుపక్కల ఉన్నోళ్లు నవ్విండ్రు. మేము కూడ నవ్వినం.

రెండు మెట్లు ఎక్కినంక వెనుక మెట్టు మీద ఎర్రటి మరక కనబడ్డది. అవ్వ అక్కడనే కూసొని, పోరని కాలు ఒళ్లె పెట్టుకొని చూసింది. అరికాల్ల గాజు పెంకు దిగి ఉన్నది. "అయ్యో కొడుకా! నేనే కతలంటినిరా!" అని కొంగుతోని నెత్తురు ఒత్తిపట్టింది. నవ్వినోళ్లమందరం తలకాయలు కిందికేసుకున్నం.

అవ్వ అన్నది చిన్న మాట. ఉత్తర తెలంగాణల పుట్టి పెరిగినోళ్లకు దాని అర్థం విప్పి చెప్పే పనిలేదు. లేని నొప్పిని ఉన్నట్లు, లేని ప్రేమను ఉన్నట్లు, చేయని పనిని చేసినట్లు చూపుడే కతలు పడుడు. బడికి పోబుద్ధి గాని పిల్లగాడు పొద్దుగాల కడుపునొప్పి అంటె కతలు. అప్పు తీసుకున్నోడు మనం ఎదురుంగ రాంగనే ఫోన్ చెవుకు పెట్టుకొని పక్క సందుల మలిగితె కతలు. ఎలక్షన్లప్పుడు హోటల్ల పెనం కాడికి పోయి దోసె తిప్పుకుంట ఫొటో దిగేటోనివి అన్నిటికన్న పెద్ద కతలు.

ఒక మనిషి నిజాయితీని ఒక్క దెబ్బకు కొట్టిపారేసే మాట ఇది. సరిగ్గ వాడితె మోసం బయటపడతది. తప్పుగ వాడితె గాజు పెంకు అరికాల్లనే ఉంటది. అందుకే ఈ వారం దీని గురించి మాట్లాడుకుందాం. చదువుకునే పిల్లలకు, నౌకరి చేసేటోళ్లకు, ఉద్యమంల తిరిగిన ప్రతి ఒక్కరికి దీనితోని పనున్నది.

ఒక్కటైతె విలువ, నాలుగైతె అనుమానం

మన మాటల్ల ఒక చిత్రం ఉన్నది, చూడుండ్రి. కథ మంచిదే. ఒగ్గోళ్లు డోలు కొట్టి రాత్రంత మల్లన్నది, బీరప్పది చెప్పేది కథనే. దానికి బహువచనం తగిలించంగనే చెడిపోతది: కతలు పడకు! వేషం మంచిదే. కృష్ణుని వేషం కట్టినోనికి హారతి పడతం. వేషాలు వేసేటోన్ని గడప తొక్కనియ్యం. నాటకం ఆడితె చప్పట్లు కొడతం. నాటకాలు ఆడితె తిడతం. నీతి ఉన్న మనిషి అంటె దండం పెడతం. నీతులు చెప్పేటోడు వస్తున్నడంటె పక్కకు తప్పుకుంటం. ఉర్దూకెల్లి వచ్చిన నకరాలు అయితె మన నోట్లె ఏకవచనంల పలుకుడే తక్కువ.

అన్నిటికన్న పెద్దది మాట. "ఆయన మాట మీద ఉంటడు" అంటె ఊర్లె ఆ మనిషికి కాయిదం లేకున్న అప్పు పుడతది. "ఆయనయి మాటలే" అంటె ఇగ కాయిదం రాసిచ్చిన పుట్టది. ఒక్క అక్షరం తేడా. మనిషి మొత్తం తారుమారు.

అన్ని మాటలు ఇట్లనే ఉన్నయని అంటలేం. కపటం, దంభం, బూటకం ఏకవచనంలనే చెడ్డ మాటలు. అయితె అవి ఎక్కువ పుస్తకాలల్ల, పేపర్లల్ల కనబడతయి. పొలం కాడ, బస్సుల, ఛాయ్ హోటల్ల మనిషిని మనిషి తూచేకాడ మాత్రం లెక్క ఇదే: ఒక్కటైతె విలువ, నాలుగైతె అనుమానం.

క్రియలను కూడ పట్టి చూద్దాం. మాట "ఇస్తరు". మాటలు "చెప్తరు". ఇచ్చుడంటె చేతులకెల్లి ఏదో ఒకటి పోవాలె. పైసలిస్తె జేబు ఖాళీ అయితది, పిల్లనిస్తె ఇల్లు ఖాళీ అయితది, మాట ఇస్తె మనిషి బందీ అయితడు. చెప్పుడుకు ఖర్చు లేదు. వంద చెప్పినా నోరు అరిగిపోదు. మన పెద్దలు ఏ కాలేజీల చదువుకోకున్న ఈ తేడాను క్రియలల్లనే దాచిపెట్టిపోయిండ్రు. మాట అంటె ఇచ్చినోనికి ఖర్చు. మాటలంటె విన్నోనికి ఖర్చు. ఈ వ్యాసం మొత్తంల మేము చెప్పేది ఇంతే.

"పడుడు" సంగతి కూడ చూడాలె. బాధపడుడు, సిగ్గుపడుడు, భయపడుడు... ఇవన్ని లోపట నిజంగ పుట్టినయి. వాటి పక్కనే కతలను కూడ కూసోబెట్టి "కతలు పడుడు" అన్నరు. లోపట పుట్టనిదాన్ని పుట్టినట్లు ఒంటి మీద చూపెట్టేటోన్ని ఎక్కిరించే తీరు అది అని మాకు తోస్తది. బాధపడేటోడు బాధ పడతడు. ఇతను కత పడతడు!

పేపర్ల మాట: చిత్తశుద్ధి

ఊరి మాట అది. మరి పేపర్ల మాట ఏంది? చిత్తశుద్ధి! ఇరవై ఏండ్ల కిందటి ఏ పేపర్ తిప్పినా, ఏ ప్రెస్ మీట్ విన్నా అదే. "ఆ పార్టీకి చిత్తశుద్ధి ఉంటే అసెంబ్లీల తీర్మానం పెట్టాలె." "ముందు మీ పార్టీ చిత్తశుద్ధి నిరూపించుకోండి." తెలంగాణ పేరు మీద ఒకరి చిత్తాన్ని ఒకరు అడుగుకుంట ఏండ్లకేండ్లు గడిపిండ్రు. వేమన పూజల గురించి వాడి జనంల నిలబెట్టిన మాట, లీడర్ల నోట్లె నానీ నానీ సప్పగైపోయింది.

ఎందుకు సప్పగైందంటె, అది అడిగేదే కనబడనిదాన్ని. చిత్తం ఎవడు చూసిండు? నా చిత్తం శుద్ధం అని ఒకడంటడు, కాదని ఇంకొకడంటడు, పొద్దుమూకేదాక వాదించుకున్నా ఎటూ తేలది. రేవు మెట్ల మీద అవ్వ చేసిన తప్పు కూడ ఇదే. పోరని మనసుల ఏమున్నదో తనకు తెలుసనుకున్నది. కాలు చూడలేదు. కాలు చూసినంకనే నిజం తెలిసింది. కాబట్టి చిత్తాన్ని ఊహించుడు బంద్ పెట్టి కాలు చూసుడు నేర్చుకోవాలె. చెప్పినోడు ఏం ఖర్చు పెట్టిండు, విన్నోడు ఏం పోగొట్టుకున్నడు అన్న లెక్క బయటికి కనబడతది.

వేషగానికేం పాపం?

ఇక్కడ ఒక అన్యాయం కూడ సరిచేసుకోవాలె. మోసగాన్ని తిట్టాలంటె మనం కళాకారున్ని అడ్డం పెట్టుకుంటం. "యాక్టింగ్ చేస్తున్నడు", "డ్రామాలాడుతున్నడు". మనమొక్కరమే కాదు. ఇంగ్లీషోళ్లు మోసపు బతుకును హిపోక్రసీ అంటరు గదా, దాని మూలం గ్రీకు మాట. రంగస్థలం మీద వేషం కట్టే నటున్నే గ్రీకులు హిపోక్రిటిస్ అన్నరు. అంటె రెండు వేల ఏండ్ల కిందటినుంచి ఆ నింద నటుని నెత్తి మీదనే ఉన్నది.

కాని చిందు కళాకారుల సంగతి చూడుండ్రి. మొఖానికి రంగేసుకొని, కిరీటం పెట్టుకొని, ఊరి నడుమ వందల మంది ముంగట రాజునని వస్తరు. వాళ్లు రాజులు కాదని వాళ్లకు తెలుసు, మనకూ తెలుసు. దాపరికం ఏమున్నది? నిజామాబాద్ జిల్లా చిందుల ఎల్లమ్మ ఆడ వేషం, మగ వేషం రెండూ కట్టి మెప్పించి, 2005ల కన్నుమూసింది. ఆమె ఎవరిని మోసం చేసింది? రాత్రంత ఆడి, తెల్లారి రంగు కడుక్కొని, మల్ల అదే పేదరికంలకు నడిచిపోయే కళాకారులు వాళ్లు. పగటి వేషగాళ్లు కూడ అంతే. ఊర్లె కొన్ని దినాలు రోజుకో వేషం కట్టి, ఆఖరుకు తమ సొంత రూపంతోని ఇంటింటికొచ్చి, మేమేనయ్యా అని చెప్పి ఇచ్చింది తీసుకొని పోతరు. వేషం విప్పినంకనే కూలి అడుగుతరు.

కతలు పడేటోడు ఎన్నడన్న వేషం విప్పుతడా? రంగు కడుక్కుంటడా? కూలి మాత్రం ముంగటనే తీసుకుంటడు. వేషం కట్టినోడు తన చెమటను ఖర్చు పెడతడు. వేషాలు వేసేటోడు మన నమ్మకాన్ని ఖర్చు పెడతడు. ఏకవచనానికి, బహువచనానికి నడుమ ఉన్న గీత అది. వేషగాన్ని దానికి ఇవతలనే, గౌరవం ఉన్న దిక్కే నిలబెట్టాలె.

ధర్మపురి దేవుడు చెప్పే సంగతి

మేము ధర్మపురి పేరు ఊరికే ఎత్తుకోలేదు. ఇక్కడి దేవుడు లక్ష్మీనరసింహుడు. అదే గుడి ఆవరణల యమధర్మరాజు కూడ ఉన్నడు. ధర్మపురికి పోతె యమపురి ఉండదని మన పెద్దలు అంటరు. గోదారి ఇక్కడ దక్షిణం దిక్కు మళ్లి పారుతది కాబట్టి తానానికి, పెద్దలకు పిండాలు పెట్టేటందుకు జనం వస్తనే ఉంటరు.

భక్తి సంగతి ఎవరిది వాళ్లకు. నరసింహుని కథల ఉన్న మాట సంగతి మాత్రం అందరికి పనికొస్తది. హిరణ్యకశిపునికి బ్రహ్మ వరమిచ్చిండు. మనిషితోని చావద్దు, జంతువుతోని చావద్దు, పగలు గాని రాత్రి గాని వద్దు, ఇంట్లె వద్దు, బయట వద్దు, నేల మీద వద్దు, ఆకాశంల వద్దు, ఆయుధంతోని వద్దు. దుర్మార్గునికి ఇచ్చిన మాట అది. తప్పినా ఎవరు అడిగేటోళ్లు? దేవుడు తల్సుకుంటె ఒక్క దెబ్బకు అయిపోవు. కాని ఆ మాట తప్పలేదు. సగం మనిషి, సగం సింహం అయి, పొద్దు మునిగే యాళ్లకు, గడప మీద, తొడ మీద పెట్టుకొని, గోర్లతోని పని చేసిండు. బ్రహ్మ ఇచ్చిన మాటల ఒక్కటి కూడ పోలేదు. ప్రహ్లాదుడు స్తంభంల ఉన్నడన్న మాట కూడ పోలేదు.

అంటె ధర్మపురి గుడిల ఉన్న రూపం, మాట నిలబెట్టేటందుకు ఎత్తిన రూపం. అదీ ఒక వేషమే. ఆ వేషం ఖర్చు వేసినోనిదే.

ఈ ఊరి కవి శేషప్ప ఈ దేవుని మీదనే నరసింహ శతకం రాసిండు. మన తాతలు, తండ్రులు బడిల కంఠస్థం పట్టిన పద్యాలు అవి. పద్యాలు ఎన్ని ఉన్నా మకుటం ఒక్కటే, పిలుపు ఒక్కటే, పిలిచిన దేవుడు ఒక్కడే. మాట మీద ఉండుడంటె కవిత్వంల కూడ అట్లనే ఉంటది.

ఇదే గుడికి అన్ని పార్టీల లీడర్లు వస్తరు. మొక్కు మొక్కుతరు, గెలిచినంక మల్ల వచ్చి మొక్కు తీర్చుకుంటరు. దేవుని మొక్కు ఎగబెట్టేటందుకు భయపడతరు. మరి ఎలక్షన్లప్పుడు రెండు చేతులు జోడించి జనానికి కూడ మొక్కుతరు గదా, ఆ మొక్కు ఎన్నడు తీరుస్తరు?

భయం మొక్కిచ్చిన మొక్కు

ఖర్చు లెక్కతోని చూస్తె ఇంకొక పాత ముచ్చట కూడ తేటపడతది. గడీల ముంగట మన తాతలు "నీ కాల్మొక్త బాంచన్ దొరా" అన్నరు. లోపట కడుపు మండుతున్నా పైకి అట్లనే అన్నరు. అది కతలు పడుడా? లోపట ఒకటి, బయట ఒకటి ఉన్నది గదా అని ఎవరన్న అడగొచ్చు.

కాదు. ఆ మాట ఖర్చు పడ్డది చెప్పినోని మీదనే. వంగిన నడుము ఆయనది, పోయిన మర్యాద ఆయనది, వెట్టి చేసిన ఒళ్లు ఆయనది. లాభం దొరది. బలం లేనోడు బతికేటందుకు కప్పుకున్న గొంగడిని, బలమున్నోడు ముంచేటందుకు వేసుకునే ముసుగుతోని కలుపొద్దు. చిత్తశుద్ధి తక్కెడల పెడితె ఇద్దరూ ఒక్కటే తూగుతరు. ఖర్చు తక్కెడల పెడితె ఇద్దరికీ నేలకు నింగికి ఉన్నంత దూరం. నా రైతులకు నేనంటె ప్రాణం అని దొర నమ్మితె, ఆ కత దొర తనకు తానే చెప్పుకున్నది.

ధర్మపురికి దగ్గర్లనే ఉన్న జగిత్యాలల 1978ల రైతుకూలీలు వేలల్ల కదిలిండ్రు. జగిత్యాల జైత్రయాత్ర అని చరిత్రల నిలిచింది. పల్లెలల్ల దొరలకు సాకలి, మంగలి పనులు బంద్ పెట్టిండ్రు. ఆ ఏడాదే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను సర్కారు కల్లోలిత ప్రాంతాలని ప్రకటించింది. ఎందుకంత భయం? బాంచన్ అన్న నోర్లు లోపలిది బయట పెట్టినయి కాబట్టి. లోపలి మాట, బయటి మాట ఒక్కటైతె గడీకి భయమైతది.

కాయిదాల మీది మాటలు

ఇగ మనకు బాగ తెలిసిన కథకు వద్దాం. కథ కాదు, కతలకు.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీల పెద్దమనుషుల ఒప్పందం అయింది. అటు నలుగురు, ఇటు నలుగురు సంతకాలు పెట్టిండ్రు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతపాయన అయితె ఉపముఖ్యమంత్రి ఇంకొక ప్రాంతపాయన కావాలె అని రాసుకున్నరు. నవంబర్ 1న రాష్ట్రం వచ్చింది, నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రి అయిండు, ఉపముఖ్యమంత్రి పదవే లేకుండ పోయింది. ఆ పదవిని ఆరో వేలు అని తీసిపారేసిన ముచ్చట ఉద్యమంల మూడు తరాలు చెప్పుకున్నరు. సంతకాల సిరా ఆరి ఏడాది కాలేదు. పెద్దమనిషి ఒక్కడుంటె ఊర్లె తగువు తెగుతది. పెద్దమనుషులు ఎనిమిది మంది కూసుంటె ఏమైతదో చూసినం!

1969ల పిల్లలు రోడ్డెక్కితె ఎనిమిది సూత్రాలు ఇచ్చిండ్రు. 1973ల ఆరు సూత్రాలు ఇచ్చిండ్రు. సూత్రాలు తగ్గుకుంట వచ్చినయి, మాటలు పెరుగుకుంట పోయినయి. ఆరు సూత్రాలను, వాటి వెంట వచ్చిన 1975 రాష్ట్రపతి ఉత్తర్వులను కూడ తొక్కి నియామకాలు చేసిండ్రని ఉద్యోగులు కొట్లాడితె, 1985 డిసెంబర్ 30న జీవో 610 వచ్చింది. ఉద్యోగులకు ఆ అంకె జాతకం లెక్క గుర్తుంటది. అక్రమంగ వచ్చినోళ్లను 1986 మార్చి 31 లోపల వెనుకకు పంపుతమని ఆ జీవోల రాసిండ్రు. తేదీ ఉన్నది, నంబర్ ఉన్నది, సర్కారు ముద్ర ఉన్నది. అమలు మాత్రం లేదు. పదిహేనేండ్లు దాటినంక 2001ల, అమలు ఎందుకు కాలేదో చూడుమని గిర్‌గ్లానీ కమిషన్ వేసిండ్రు. మాట తప్పినోని కోసం వెతికేటందుకు ఇంకొన్ని మాటలు!

ఈ నడుమ ఖర్చు ఎవరిది? తనకు రావాల్సిన కుర్చీల ఇంకొకలు కూసుంటె, ప్రమోషన్ కోసం చూసీ చూసీ అదే పోస్టుల రిటైరైన గుమాస్తది. జీవో రాసినోళ్ల జీతాల ఒక్క రూపాయి తగ్గలేదు.

2004ల యూపీఏ కనీస ఉమ్మడి కార్యక్రమంల తెలంగాణ మాట ఎక్కింది. తగిన సమయంల, సంప్రదింపులు చేసి, ఏకాభిప్రాయం వచ్చినంక పరిశీలిస్తరట. మాట చుట్టూ ఎన్ని కంచెలో చూడుండ్రి! అయిన కొద్దీ కమిటీలు, గడువులు, లేఖలు. ఏకాభిప్రాయం అన్నది ఆ ఏండ్లల్ల ఎవరికీ కనబడని దేవత అయి కూసున్నది.

2009 డిసెంబర్ 9 రాత్రి కేంద్ర హోంమంత్రి చిదంబరం, తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలుపెడతమని ప్రకటించిండు. ఊరూరా పటాకులు కాల్చినం. డిసెంబర్ 23న అదే మంత్రి, పార్టీల నడుమ అభిప్రాయ భేదాలు వచ్చినయి, విస్తృత సంప్రదింపులు కావాలె అన్నడు. తొమ్మిదిన మాట. ఇరవై మూడున మాటలు. నడుమ పద్నాలుగు దినాలు. ఢిల్లీలున్నోళ్లకు అది ఒక ప్రకటన మీద ఇంకొక ప్రకటన. హాస్టల్ గదులల్ల ఉన్న పిల్లలకు అది అట్ల కాదు. వాళ్లు మాటను మాటగ నమ్మిండ్రు. నమ్మి, మోసపోయినమనుకొని, బతుకులే విడిచిన పిల్లలు ఉన్నరు. మాటలంటె విన్నోనికి ఖర్చు అన్నం గదా. ఇంతకన్న పెద్ద ఖర్చు ఏ లెక్కల పుస్తకంల ఉన్నది?

2011 జులైల మన ఎమ్మెల్యేలు, ఎంపీలు మూకుమ్మడిగ రాజీనామాలిచ్చిండ్రు. భావోద్వేగంల ఇచ్చినవని స్పీకర్ ఎమ్మెల్యేలయి తిరస్కరించిండు. రాజీనామా ఒక్కటైతె కుర్చీ పోతది. రాజీనామాలు వంద దాటినా కుర్చీలు కుర్చీలల్లనే ఉన్నయి. ఏకవచనం, బహువచనం తేడా అసెంబ్లీ సాక్షిగ తేలింది.

అదే ఏడాది సెప్టెంబర్ 13 నుంచి అక్టోబర్ 24 దాక సకల జనుల సమ్మె నడిచింది. 42 దినాలు. గనులల్ల కార్మికులు, బడులల్ల సార్లు, ఆఫీసులల్ల గుమాస్తలు, బస్సు డ్రైవర్లు పని బంద్ పెట్టిండ్రు. దసరా పండుగ కూడ ఆ నడుమనే పడ్డది. జీతం లేకుండనే పండుగ చేసుకున్నరు. ఎవరి చిత్తశుద్ధి ఎంతో ఎవరూ అడుగలేదు. అడిగే పనే పడలేదు. మాటకు ఖర్చు ఎవరు పెడుతున్నరో కండ్ల ముంగట కనబడ్డది.

అయినా ఆనాడు మన నొప్పిని చూసి కతలు అన్నోళ్లు లేరా? రాజకీయ నిరుద్యోగుల నాటకాలు అని ఎక్కిరించినోళ్లు లేరా? రేవు మెట్ల మీద మేము నవ్వినట్లే నవ్విండ్రు. కాలు మాత్రం ఎత్తి చూడలేదు. అవ్వ కనీసం మరక చూసినంక కూసొని ఒళ్లె పెట్టుకున్నది.

వేలు మనదిక్కు కూడ తిప్పుదాం

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. కతలు అక్కడితోని అయిపోయినయా? తక్కెడ పరాయోళ్లకే పెట్టి మనోళ్లకు దాచిపెడితె మనమూ కతలు పడ్డట్లే.

తెలంగాణకు తొలి ముఖ్యమంత్రి దళితుడే అన్న మాట ఉద్యమకాలంల ఇచ్చిందే. 2014ల ఏమైందో అందరికీ తెలుసు. 2009 నుంచి ధర్మపురి ఎస్సీ రిజర్వుడు సీటు. ఇక్కడ ఓటేసినోళ్లకు ఆ మాట ఎట్ల వినబడ్డదో, ఎట్ల విరిగిందో వేరే చెప్పాల్నా?

నీళ్లు, నిధులు, నియామకాలు అనుకున్నం. చూస్తె మూడూ బహువచనాలే, కాని మనం ఒక్క మాటగ ఇచ్చుకున్నం. నియామకాల సంగతి చూడుండ్రి. 2022 అక్టోబర్‌ల గ్రూప్-1 ప్రిలిమ్స్ పెట్టిండ్రు. పేపర్ లీకైందని 2023 మార్చిల రద్దు చేసిండ్రు. జూన్‌ల మల్ల పెట్టిండ్రు. సెప్టెంబర్‌ల హైకోర్టు అదీ రద్దు చేసింది. అశోక్‌నగర్ రూములల్ల ఒక్కపూట తిని చదివిన పిల్లలకు రెండు పరీక్షలు నీళ్లపాలైనయి. ఖర్చు ఎవరిదో చెప్పుండ్రి. తరువాత 2023 ఎలక్షన్ల ముందు కాంగ్రెస్, తొలి ఏడాదిలనే రెండు లక్షల ఉద్యోగాలు అన్నది. ఆ లెక్క కూడ ఈ తక్కెడలనే పెట్టాలె. జెండా రంగు చూసి రాళ్లు మార్చొద్దు.

మనం మాత్రం తక్కువా? యూనియన్ మీటింగుల ఉద్యమమని గర్జించి, ఆఫీసుల పేదోని ఫైలును నెలలకొద్ది తొక్కిపెట్టే ఉద్యోగి ఎవరు? సభల సమానత్వమని పాట పాడి, ఇంట్లె ఆడపిల్ల చదువుకాడికి వచ్చేసరికి చూద్దాంలే అనేది ఎవరు? అమరుల స్తూపం కాడ దండేసి, ఫొటో దిగి, వాళ్ల తల్లి ఆపతికి ఫోన్ ఎత్తనిది ఎవరు? ఈ రాతలు రాసే మేము కూడ ఆ లెక్కల ఉన్నం. రాసుడు కూడ చెప్పుడు లెక్కనే. దానికి ఖర్చు తక్కువ.

కాబట్టి ఏం చేద్దాం?

ప్రతి ఒక్కన్ని కతలు పడుతున్నవు అనుకుంట పోతె సంసారం నడువది, సంఘం నడువది. రోగమొచ్చిన కోడలిని, ఫెయిలై ఏడుస్తున్న పిల్లగాన్ని, పంట ఎండి కూలబడ్డ రైతును ఆ మాట అంటె పాపం తగులుతది. బలం లేనోడు నొప్పి అన్నప్పుడు ముందు కాలు ఎత్తి చూద్దాం. అబద్ధమైతె నష్టం మహా అయితె ఒక నిమిషం. నిజమైతె ఒక కాలు దక్కుతది.

బలమున్నోడు మాట ఇచ్చినప్పుడు మాత్రం చిత్తశుద్ధి అడుగుడు బంద్ పెడదాం. మూడే సవాళ్లు అడుగుదాం. ఎన్నటి లోపల? ఎవరి జిమ్మేదారి? తప్పితె నువ్వు ఏం పోగొట్టుకుంటవు? మొదటి రెండు జీవో 610ల కూడ ఉండె. మూడోది లేకనే అది కాయిదమైంది. మూడోదానికి జవాబు చెప్పినోడు మాట ఇచ్చినట్లు. నవ్వి దాటేసినోడు మాటలు చెప్పినట్లు.

2003 పుష్కరాలకు ధర్మపురి రేవుల మునిగినప్పుడు మనకు రాష్ట్రం లేదు. 2015 పుష్కరాలకు మునిగినప్పుడు రాష్ట్రం ఉన్నది, ఆ ఏడు ఆనాటి ముఖ్యమంత్రి ఇక్కడనే తానం చేసి పుష్కరాలు మొదలుపెట్టిండు. ఇగ వచ్చేది 2027 పుష్కరం. ఆ రేవు మెట్ల మీదికి మల్ల లీడర్లు వస్తరు, మైకులు వస్తయి, మాటలు వస్తయి. వాళ్లు చెప్పినయి రాసి పెట్టుకోండ్రి. ఎన్ని చెప్పిండ్రో కాదు, ఏం ఇచ్చిండ్రో రాసుకోండ్రి.

మెట్లు దిగేటప్పుడు కాళ్ల కింద కూడ చూసుకోండ్రి. పెంకు ఎవరికన్న దిగి ఉంటె, నవ్వకుండ తీద్దాం.